ముసలమ్మ మలుపులో నిన్నటి గొంతు

తెల్లవారకముందే ఎర్మిందా మోటారుసైకిల్ దగ్గడం మొదలుపెట్టేది. ఆ దగ్గు విని చిపావిత ఊళ్ళో ఆడవాళ్ళు లేచి పొయ్యి మీద బెల్లం నీళ్ళు పెట్టేవారు. మోటారుసైకిల్‌కి ముందు యమీలే సైకిల్, ఆ సైకిల్ వెనకాలే ఎర్మిందా నోరు. లోయలోకి దిగి, సంత ఊరి దాకా పోయి, మళ్ళీ కొండెక్కి ఊరు చేరేసరికి పొద్దు బాగా ఎక్కేది. వానొచ్చినా అంతే, ఆదివారమైనా అంతే. మా కొండల్లో బంగాళాదుంపలు పండించడం తర్వాత జనం ఒళ్ళు దాచుకోకుండా చేసే పని సైకిల్ తొక్కడమే.

ఎర్మిందా ఒకప్పుడు పందేల్లో తొక్కిన మనిషి. ఎవరిస్తో అనే మా ఊరాయన్ని పెళ్ళాడి కొండ అవతలి నుంచి మా ఊరొచ్చింది. అప్పటికే సైకిల్ వదిలేసింది, ఎందుకని అడిగితే మాట మార్చేసేది. యమీలే మా ఊరి పిల్లే, దుంపలమ్మే రోసాల్బా కూతురు. ఒకనాడు సైకిల్ వెనక దుంపల బస్తా కట్టుకుని, ఎత్తు మీద బస్సుని దాటి వెళ్ళిపోయింది. బస్సులో కూర్చున్న ఎర్మిందా అది చూసి, డ్రైవరు మీద అరిచి బస్సాపించి, దిగి, పిల్ల వెనక పరిగెత్తింది. ఆ రోజు నుంచి యమీలేకి ఆమె టీచర్.

ఊరికి ముందు ఆఖరి ఎత్తు దగ్గర ముసలమ్మ బండ ఉంది. దాని ఎదుట మలుపులో మనిషి ఏ మాటన్నా, మర్నాడు అదే వేళకి బండ ఆ మాటని తిరిగి అనేస్తుంది. ఒక్కసారే, చుట్టూ ఉన్న చప్పుడుతో సహా, పొల్లు పోకుండా. మాకందరికీ అలవాటే. దుంపల బేరగాళ్ళు రేపటి కేకలు ఇవాళే వేసుకుని, మర్నాడు గొంతుకి సెలవిచ్చేవారు. పెళ్ళాంతో పోట్లాడినవాడు మర్నాడు ఆ వేళకి ఇంకో దారి పట్టేవాడు. ఎర్మిందా మొగుడు ఎవరిస్తో ఒకసారి తాగిన మైకంలో ఒకరి మేకని కొంటానని మాటిచ్చి, మర్నాడు బండ నోట విని నెత్తి కొట్టుకున్నాడు. మేకని కొనక తప్పలేదు.

ఒక్కటే చిక్కు. ఎవరి గొంతు వాళ్ళకి తెలియదు. లోపల్నుంచి వినే గొంతు వేరు, బండ ఇచ్చే గొంతు వేరు. అందుకే పిల్లలకి మాటలు రాగానే తల్లులు ఆ మలుపుకి తీసుకెళ్ళి, "అదిగో, అది నువ్వే" అని చెప్తారు. పిల్లలు ముందు నమ్మరు, కొందరు ఏడుస్తారు, తర్వాత సర్దుకుంటారు. ఎర్మిందా మా ఊరొచ్చేసరికే ముప్ఫై దాటిన మనిషి. ఆమెని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదెవరు? పైగా ఆ నోరంటే ఊరందరికీ హడల్.

కాబట్టి ఆమె తన గొంతుని ఎన్నడూ ఎరగదు. వినడానికి తీరికేదీ? నిన్నటి మాటలు బండ నుంచి వచ్చే వేళకి ఇవాళ్టివి అరుస్తూ ఉండేది. ఆ సందడిలో చెవిన పడ్డ నాలుగు ముక్కలూ ఎవరివో ఆమె తేల్చేసుకుంది. "అవి కాళ్ళా, ఉడకబెట్టిన దుంపలా?" అనేది ఆ గొంతు. మలుపుని ఆనుకుని ఉన్న పొలం రోసాల్బాది. దుంపల మాటలు దుంపలమ్మేదానివి కాక ఇంకెవరివి?

"కన్నతల్లే అట్లా నోరు పారేసుకుంటే పిల్ల ఎట్లా ఎక్కుద్దయ్యా?" అని మొగుడి దగ్గర వాపోయేది.

ఎవరిస్తో తలొంచుకుని సూప్ తాగేవాడు. అతను చాలా ఏళ్ళుగా అలాగే తాగుతున్నాడు.

యమీలేకి మాత్రం ఆ మలుపులో రెండు తిట్లు పడేవి, నిన్నటిదొకటి, ఇవాళ్టిదొకటి. కింద ఎంత ఎత్తైనా పిట్టలా ఎక్కే పిల్ల అక్కడికి రాగానే కాళ్ళు బిగుసుకుపోయి ఆగిపోయేది. జిల్లా జట్టుకి మనుషుల్ని ఎంచే పందెం ఆ ఏడు మా దారినే పెట్టారు. గెలుపు గీత మా చర్చి ముందు. ఊరంతా పండగ చేసుకోబోతుంటే యమీలే ఒక పొద్దున సైకిల్‌ని తెచ్చి ఎర్మిందా గోడకి ఆనించింది.

"టీచర్, నేను మానేస్తున్నా. బొగోటా దగ్గర గులాబీలు పెంచే షెడ్లలో పని దొరికింది. వచ్చే నెల వెళ్తా."

"పందెం?"

"ఆ మలుపు నావల్ల కాదు. మీకు చెప్పకుండా పోతే బాగుండదని వచ్చా."

పిల్ల రువానా శాలువా కప్పుకుని వెళ్ళిపోయింది. ఎర్మిందాకి కడుపు మండిపోయింది. బంగారంలాంటి పిల్లని తల్లే పాడు చేసిందనుకుంది. మోటారుసైకిల్ కూడా తియ్యకుండా కాలినడకన రోసాల్బా పొలానికి పోయింది.

"నువ్వసలు తల్లివేనా? రోజూ అక్కడ నిలబడి పిల్లని అంతంత మాటలంటావా? దాని కాళ్ళు విరగ్గొట్టింది నీ నోరే!"

రోసాల్బా తవ్వుతున్న గునపం ఆపింది. చేతుల మట్టి తుడుచుకుంది. నెమ్మదైన మనిషి, సంతలో కూడా బేరానికి గొంతు పెంచదు.

"అక్కా, నిన్న ఈ వేళకి నువ్వు ఇక్కడే ఉన్నావుగా?"

"ఉన్నా. అయితే?"

"అయితే ఇట్లా వచ్చి నా పక్కన కూర్చో. నోరు మాత్రం తెరవకు. ఇన్నాళ్ళూ చెప్దామనే అనుకున్నా, చెప్తే నువ్వు నేర్పడం మానేస్తావని యమీలే నా కాళ్ళు పట్టుకుంది."

"ఏంటి చెప్పేది?"

"నోరు తెరవకన్నానా!"

రోసాల్బా తన ముందు కసరడం ఎర్మిందా ఎప్పుడూ చూడలేదు. కూర్చుంది. కాసేపటికి బండ గొంతు విప్పింది. ముందు మోటారుసైకిల్ దగ్గు, ఆ మీద గొంతు. గరుగ్గా, పిండిమర తిరుగుతున్నట్టు. "తొక్కు! అవి కాళ్ళా, ఉడకబెట్టిన దుంపలా? నీకోసం నా బతుకు తగలేసుకుంటున్నా! ఆగావంటే మొహం చూపించకు!"

ఎర్మిందా వేలు చూపించింది, "అదిగో, విన్నావా, అది..."

రోసాల్బా ఆ వేలు పట్టుకుని నెమ్మదిగా ఆమె వైపే తిప్పింది.

"అది నువ్వే, అక్కా."

"కాదు. నేనట్లా అనలేదు. ఇంకొంచెం, ఇంకొంచెం అన్నానంతే."

"నీ మోటారుసైకిల్ కూడా నాదేనంటావా?"

ఎర్మిందా వేలు వెనక్కి లాక్కుంది. చాలాసేపు ఆ బండ వంకే చూసింది. సిగ్గుతో ఆమె మొహం కందిపోయింది. సిగ్గుకన్నా ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. ఆ మాటలు ఆమె ఇంతకు ముందెప్పుడో, ఎవరి నోటనో విన్నవే.

ఎర్మిందా ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. ఎంత నిష్ఠగా తిట్టిందో అంత నిష్ఠగానే మానడానికి పూనుకుంది. ముందు యమీలే ఇంటికెళ్ళి, "గులాబీలు ఎక్కడికీ పోవు, పందెం దాకా తొక్కు. నేను వెనక రాను. మలుపులో కూర్చుంటా" అంది. పిల్ల తల్లి వంక చూసింది. తల్లి తలూపింది. సరే, పందెం దాకా మాత్రమే, అంది పిల్ల.

రోజూ పొద్దున ఎర్మిందా ఆ మలుపులో కూర్చుని నిన్నటి తన గొంతు వినేది. విన్న తర్వాత రోసాల్బాని అడిగేది, "ఇవాళ ఎట్లా ఉన్నా?" అని. ఏం చెప్పినా ఎదురు చెప్పకూడదని ఒట్టు పెట్టుకుంది. రోసాల్బా కూడా మొహమాటపడలేదు. "మాట మెత్తగానే ఉంది గానీ పళ్ళు కొరుకుతున్నావు" అనేది. "మెచ్చుకున్నావు, కానీ అప్పు వసూలుకొచ్చినట్టుంది" అనేది. ఎర్మిందా గొంతు దాకా వచ్చిన జవాబుని మింగి, "ఊఁ" అనేది. ఆ ఊఁ అనడానికి ఆమెకి చెమటలు పట్టేవి.

కోపం వచ్చే ముందు తన ఒంట్లో ఏమవుతుందో కూడా కనిపెట్టింది. ముందు ఎడమ చెవి వేడెక్కుతుంది. ఆ పైన చెయ్యి దానంతటదే టోపీని నెత్తి మీద గుండ్రంగా తిప్పుతుంది. అప్పుడు నోరు తెరుచుకుంటుంది. ఇది తెలిశాక జేబులో బెల్లంముక్కలు పెట్టుకుంది. చెవి వేడెక్కగానే ఒకటి నోట్లో వేసుకుని, అది కరిగే దాకా మాట్లాడేది కాదు. ఊళ్ళో నవ్వుకున్నారు. "టీచరమ్మ దవడ ఉబ్బిందంటే ఎవడికో తిట్లు తప్పినట్టే" అనేవాడు బస్సు డ్రైవరు. ఎవరిస్తో మాత్రం సూప్ తాగుతూ తలెత్తడం మొదలుపెట్టాడు.

అంత చేసినా ఒకరోజు జారింది. యమీలే మలుపులో ఆగి, కాలు కింద పెట్టింది. ఎర్మిందా చెయ్యి జేబులోకి పోయేలోపే నోరు తెరుచుకుంది. "మళ్ళీ దుంపలేనా!" అనేసింది.

అన్న మాట బండకి చేరిపోయింది. ఇక రేపు రాక తప్పదు.

"రేపు సంత దారిలో తొక్కమ్మా. ఇటు రావద్దు" అంది ఏడుపు గొంతుతో.

"వస్తా టీచర్. మీరూ ఉండండి" అంది పిల్ల.

మర్నాడు ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. బండ "మళ్ళీ దుంపలేనా!" అంది. ఎర్మిందా పారిపోవాలనుకుంది, పోలేదు. "అది నేను అన్నదే. నీ కాళ్ళ తప్పు కాదు, నా నోటి తప్పు" అంది. యమీలే ఆమె జేబు వంక చూసింది. "ఆ ముక్కొకటి ఇలా ఇవ్వండి" అని బెల్లం తీసుకుని చప్పరిస్తూ సైకిలెక్కింది. కాళ్ళు ఇంకా బిగుసుకుంటూనే ఉన్నాయి. ఆ రోజు మాత్రం ఆగలేదు.

పందెం రేపనగా తెల్లవారకముందే ఊరంతా ఎర్మిందా చుట్టూ మూగింది. రేపు పిల్ల ఆ మలుపుకి వచ్చినప్పుడు ఏం వినాలో ఇవాళే చెప్పాలి కదా. తలా ఒక సలహా. "శభాష్ అను", "మా ఊరికి జై అను", "గెలిస్తే మేకని కోస్తామను" అన్నారు. ఆ మేక తనదేనని ఎవరిస్తో గుర్తుచేశాడు. పిల్ల ఏ వేళకి అక్కడికి చేరుతుందో ఎవరూ చెప్పలేకపోయారు.

"పొద్దుటి నుంచీ చెప్తూనే ఉంటా. ఎప్పుడొచ్చినా వినపడుద్ది" అంది ఎర్మిందా.

ఒంటరిగా వెళ్ళి బండ ఎదుట నిలబడింది. ముందు శభాష్‌లు చెప్పింది. ఊరికి జై కొట్టింది. సింహం అంది, డేగ అంది. అవన్నీ తన చెవికే కల్లగా వినిపించాయి, అయినా ఆపలేదు. పొగిడి పొగిడి గొంతు బొంగురుపోయింది. చివరికి పొగడ్తలన్నీ అయిపోయి, చెప్పడానికి ఉన్నదొక్కటే మిగిలింది. అది చెప్పడానికి ఆమెకి ఒక బెల్లంముక్క పట్టింది. మొదటిసారి చెప్పినప్పుడు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, పందెం సైకిళ్ళన్నీ దాటిపోవడానికి ఎంతసేపు పట్టినా చాలేలా, మధ్యాహ్నం దాకా దాన్నే మళ్ళీ మళ్ళీ చెప్పింది.

పందెం రోజు మలుపు నిండా జనం. ఎర్మిందా నీళ్ళ సీసా పట్టుకుని బండ దాటాక వచ్చే పై మలుపులో రోసాల్బా పక్కన నిలబడింది. ముందు పోలీసు మోటారుసైకిళ్ళొచ్చాయి. శభాష్‌లూ, సింహాలూ, డేగలూ అన్నీ వాళ్ళకే దక్కాయి. ఒక పోలీసాయన చేయెత్తి బండకి దండం కూడా పెట్టాడు.

తర్వాత కొందరు అమ్మాయిలు గుంపుగా వచ్చారు. వాళ్ళలో చివర యమీలే. మలుపు తిరగ్గానే ఆమె భుజాలు బిగుసుకోవడం, సైకిల్ అటూ ఇటూ తూగడం పైనుంచి కనిపించింది. గుంపు ముందుకి పోయింది. మా ఊరివాళ్ళంతా నోళ్ళు మూసుకున్నారు.

బండ గొంతు విప్పింది.

"యమీలే, నా దగ్గర మంచి మాటలు అయిపోయాయమ్మా. ఉన్నమాట చెప్తా. నీ వయసులో ఇట్లాంటి మలుపులోనే నేను సైకిల్ దిగిపోయా. వెనక కారులోంచి నాకు నేర్పే ఒకాయన దుంపలూ దుంపలూ అని అరుస్తుంటే దిగిపోయా. మళ్ళీ ఎక్కలేదు. నిన్ను తిట్టినప్పుడల్లా దిగిపోయిన ఆ పిల్లనే తిట్టా. నీ కాళ్ళకేం తక్కువ లేదు. దిగాలనిపిస్తే దిగు, నీళ్ళు పట్టుకుని పైనే ఉంటా. ఎక్కాలనిపిస్తే ఎక్కు. అప్పుడూ పైనే ఉంటా."

యమీలే తల వంచింది. దిగుతుందనుకున్నాం. ఆమె గేరు మార్చుకుని సీటు మీంచి పైకి లేచింది. ఒకరిని దాటింది, ఇంకొకరిని దాటింది. పై మలుపులో ఎర్మిందా చేతిలోంచి సీసా అందుకుంది. ఒక్క క్షణం ఇద్దరి వేళ్ళూ ఆ సీసా మీద ఉన్నాయి.

ఆ రోజు యమీలే మొదట రాలేదు, మూడోదానిగా వచ్చింది. జట్టులోకి అది చాలు. గులాబీ షెడ్లకి యమీలే వెళ్ళనే లేదు. కానీ అదంతా తర్వాతి సంగతి. పై మలుపులో ఎర్మిందా అప్పటికింకా రోడ్డు వంకే చూస్తూ ఉంది. కింద బండ వెనకబడ్డ అమ్మాయిల కోసం అదే మాట మళ్ళీ చెబుతోంది.

పక్క ఊరి నుంచి పందెం చూడ్డానికొచ్చిన ఒకావిడ రువానా అంచుతో కళ్ళొత్తుకుంది. "ఎవరిదమ్మా ఆ గొంతు?" అని అడిగింది.

మా ఊరి అలవాటు ప్రకారం రోసాల్బా ఎర్మిందా చెయ్యి పట్టుకుని చెప్పబోయింది. ఎర్మిందా ఆమెని ఆపింది. కాసేపు ఆ గొంతుని చెవులారా విన్నది.

"నాది" అంది.