నడిరోడ్డు మీద కుర్చీ

నాపరాళ్లపల్లెలో బస్సు ఆగదు. కాస్త నెమ్మదిస్తుంది, అంతే. ఎక్కేవాళ్లు వెంట పరిగెత్తి ఎక్కాలి. దిగేవాళ్లు ముందు సంచి విసిరి, దాని వెనకే తామూ దూకాలి. ఏడాదిగా ఇదే వరస కావడంతో ఊళ్లో ముసలివాళ్లు కూడా పంచె ఎగ్గట్టి పరిగెత్తడం నేర్చుకున్నారు. నేర్చుకోలేనిది అంగడి రాజ్యలక్ష్మమ్మ ఒక్కతే. భారీ మనిషి, పైగా రెండు మోకాళ్లూ అరిగిపోయాయి.

దీనికంతటికీ మూలం బస్సు షెల్టరు. అది ఊరికి మంజూరైనప్పుడు రోడ్డుకు తూర్పున కట్టాలన్నాడు పుల్లయ్య. పడమర కడితే పొద్దుటి ఎండ మొహాన కొడుతుందని ఆయన వాదన. తూర్పున కడితే సాయంత్రం ఎండ కొట్టదా అన్నాడు గోపన్న. మాటామాటా పెరిగి ఊరు రెండుగా చీలింది. మంజూరైన షెల్టరు తూర్పున లేచింది. పడమటివాళ్లు పంతం కొద్దీ చందాలు వేసుకుని దానికి ఎదురుగా ఇంకొకటి కట్టారు. మొదటి రోజు బస్సు తూర్పు షెల్టరు ముందు ఆగితే వెనక అద్దం పగిలింది. మర్నాడు పడమటి షెల్టరు ముందు ఆగితే ముందు అద్దం పగిలింది. మూడో రోజు డ్రైవరు యేసుప్రసాద్ కిటికీలోంచి రెండు వైపులా దండం పెట్టి, "మీ ఊర్లో నేను ఆపనప్పా. ఎవురికీ తక్కువ కాకుండా పోతా" అన్నాడు. న్యాయమైన మాటేనని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి.

ఆపైన ఒక్కొక్కటిగా అన్నీ రెండయ్యాయి. ఆటోలు రెండు, మంగలి షాపులు రెండు, నీళ్ల ప్లాంటుకు రెండు వేళలు. అంగడి మాత్రం ఒకటే. అందుకని రాజ్యలక్ష్మమ్మ గల్లా ముందు నెమళ్ల బొమ్మలున్న పాత దుప్పటి ఒకటి అడ్డంగా కట్టింది. తూర్పువాళ్లు ఇటు నిలబడతారు, పడమటివాళ్లు అటు.

"శెట్టెమ్మా, గురమ్మత్తకు దగ్గు తగ్గిందేమో అడుగు" అంటుంది ఇటునుంచి పుల్లయ్య భార్య సుబ్బలక్ష్మమ్మ.

"తగ్గలేదని చెప్పు శెట్టెమ్మా" అంటుంది అటునుంచి గోపన్న తల్లి గురమ్మ.

రాజ్యలక్ష్మమ్మ మారుమాట్లాడకుండా కందిపప్పు తూస్తుంది. ఇద్దరూ విన్నారు కదా, ఇంక చెప్పేదేముంది. 'అంగడోడికి నోరు ల్యాకుంటేనే దినం గడిచేది' అని పోయిన భర్త కేశవయ్య అనేవాడు. ఆ మాట పట్టుకునే ఆమె ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది.

అలాంటిది, ప్రొద్దుటూరులో కూతురు శ్రీవాసవికి ఆడపిల్ల పుట్టింది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ నిండు చూలాలు కదిలే బస్సులోంచి ఎట్లా దూకుతుందని వియ్యపురాలు పంపలేదు. రాజ్యలక్ష్మమ్మ మనవరాలిని ఫోనులోనే చూసింది. ఇప్పుడు సోమవారం ఉయ్యాల్లో వేసే పండగ. అల్లుడు కళ్యాణ్ స్కూటరు తెస్తానన్నాడు గానీ, ఆ మోకాళ్లతో ఆమె స్కూటరు మీద కూర్చోలేదు. తూర్పు ఆటో ఎక్కితే పడమటివాళ్లు అంగడి మానేస్తారు, పడమటి ఆటో ఎక్కితే తూర్పువాళ్లు. సగం దూరం ఒకదాంట్లో, సగం దూరం ఇంకోదాంట్లో పోదామని కూడా ఆలోచించింది. మొదట ఏది ఎక్కాలన్న దగ్గర ఆ ఆలోచన ఆగిపోయింది.

సోమవారం పొద్దున్నే ఆమె అంగడికి తాళం వేసింది. ఏ పార్టీ రంగూ కాని గోధుమరంగు ప్లాస్టిక్ కుర్చీని ఈడ్చుకుంటూ వచ్చి, రెండు షెల్టర్ల మధ్య నడిరోడ్డు మీద వేసుకుని కూర్చుంది. ఒళ్లో నువ్వుండల డబ్బా, పాత మెత్తటి చీరలు ఉన్న సంచి.

బస్సు వచ్చింది. యేసుప్రసాద్ హారన్ కొట్టాడు. కొట్టి కొట్టి, చివరికి బ్రేకు తొక్కక తప్పలేదు.

"ఏమమ్మా, పక్కకు జరుగు."

"జరగను నాయనా. నేను ఎక్కాల."

"ఎక్కు మల్ల. నిదానంగానే పోతాగదా."

"నువ్వు నిదానంగా పోయినా పోయేదే గదా. నిలబెట్టు."

యేసుప్రసాద్ ఇంజను ఆపి, స్టీరింగు కిందికి తల వంచుకుని రాయి కోసం ఎదురుచూశాడు. కండక్టరు సీట్ల మధ్య కూర్చుండిపోయాడు. రాయి రాలేదు. రెండు షెల్టర్లలోంచీ జనం రాళ్లు పట్టుకుని వచ్చారు గానీ, ఎవరు వేయాలో తేలలేదు. బస్సు ఎదుటివాళ్ల షెల్టరు ముందు ఆగితే రాయి వేయాలన్నది ఏర్పాటు. ఇది ఎవరి షెల్టరు ముందు ఆగినట్టు?

"కొలుద్దాం" అన్నాడు గోపన్న ఎవరితోనూ కాదన్నట్టు.

పుల్లయ్య కొడుకు భూపేష్ టేపు తెచ్చాడు. దాని కొస పట్టుకోవడానికి మనవాడొద్దు, అవతలివాడే ఉండాలని పుల్లయ్యే పట్టుబట్టాడు. అందుకని గోపన్న తమ్ముడు ఓబులేసు వచ్చి కొస పట్టుకున్నాడు. కుర్చీ తూర్పు షెల్టరుకు జానెడు దగ్గరగా ఉందని తేలింది.

"తూర్పోళ్లతో ముందే మాట్లాడుకున్న పని ఇది" అన్నాడు గోపన్న. "శెట్టెమ్మా, జానెడు ఇట్ల జరుగు."

రాజ్యలక్ష్మమ్మకు భయమేసింది. లేచి అంగడికి పోదామనే అనుకుంది. కానీ లేవడానికి ఎవరైనా చెయ్యి ఇవ్వాలి. ఎవరి చెయ్యి పట్టుకున్నా తంటాయే.

"కూసున్నాక లేసేది కష్టమప్పా" అంది. "జరపాలనుంటే మీరే జరపండి."

ఎండ ముదురుతోంది. ఉన్నట్టుండి ఆమె మీద నీడ పడింది. తల తిప్పి చూస్తే సుబ్బలక్ష్మమ్మ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వేంటికి వచ్చినావు? ఇంటికి పో" అన్నాడు పుల్లయ్య.

"గొడుగు మనిషికి పట్టినా. పార్టీకి పట్టల్యా" అంది ఆమె. గొడుగు దించలేదు.

అది చూసి పడమటి వైపునుంచి గురమ్మ కర్ర పొడుచుకుంటూ చెంబుతో నీళ్లు తెచ్చింది. నాలుగడుగులు వేసేసరికి ఆమెకు దగ్గు తెర వచ్చింది.

"ఇంకా తగ్గల్యా అత్తా?" అంది సుబ్బలక్ష్మమ్మ.

"ల్యాదు మే. నువ్వు చెప్పిన మిరియాల కషాయం కూడా తాగినా."

ఆ కషాయం సంగతి దుప్పటి మీదుగా ఎప్పుడు దాటిందో గోపన్నకు అంతుపట్టలేదు.

చివరికి కుర్చీని మనిషితో సహా జరపాలని నిర్ణయమైంది. ఒక్కో కాలికీ ఒక్కో మనిషి, తూర్పునుంచి ఇద్దరు, పడమరనుంచి ఇద్దరు. ఎత్తారు, జరిపారు, దించారు. కొలిస్తే ఈసారి పడమటి షెల్టరుకు రెండు వేళ్లు దగ్గరైంది. మళ్లీ ఎత్తారు. ప్రయాణికులంతా దిగొచ్చి తలా ఒక సలహా చెప్పసాగారు. మహానంది పోయి గుండు కొట్టించుకుని వస్తున్న ఒకాయన, గాల్లోకి లేచిన రాజ్యలక్ష్మమ్మను చూసి అలవాటుగా చేతులు జోడించాడు. ఆమె ఏం చేయాలో తోచక తానూ జోడించింది.

"నీ పక్క వంగిందిరా, ఎత్తు" అన్నాడు ఓబులేసు.

"నీ చెయ్యే జారతాండాది, సరిగ్గా పట్టు" అన్నాడు భూపేష్.

ఏడాది కిందట ఒకే కబడ్డీ జట్టులో ఆడినవాళ్లు. అనేశాక ఇద్దరూ తల దించుకున్నారు. కుర్చీ మాత్రం దించలేదు. ఎక్కడ దించినా అది ఒకరి గెలుపే. చేతులు పీకేస్తున్నాయి, మొహాల మీద చెమట ధార కడుతోంది.

"నాయనా," అంది రాజ్యలక్ష్మమ్మ పైనుంచి, "ఎట్లాగూ ఎత్తినారు గదా. అట్లే తలుపు కాడ దించండి. తలుపు బస్సుది, మీ ఇద్దరిదీ కాదు."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుల్లయ్య, గోపన్న ఏదో అనబోయేలోపే కుర్చీ బస్సు వైపు కదిలింది. మెట్టు మీద సుబ్బలక్ష్మమ్మ వెనకనుంచి నెట్టింది, గురమ్మ సంచి అందించింది. రాజ్యలక్ష్మమ్మ లోపలికి పోయి కిటికీ పక్కన కూర్చుని, గట్టిగా ఊపిరి వదిలింది. ఆ వెంటనే రెండు షెల్టర్లలోంచీ ఆడవాళ్లు సంచులూ పిల్లలూ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి ఎక్కారు. పరిగెత్తకుండా బస్సెక్కడం వాళ్లకు కొత్తగా ఉంది. చివరి మనిషి ఎక్కేదాకా యేసుప్రసాద్ కదలలేదు.

ప్రొద్దుటూరులో మనవరాలు ఉయ్యాల్లో నిద్రపోతోంది. రాజ్యలక్ష్మమ్మ వేలు పెడితే, నిద్రలోనే పిడికిలి బిగించి పట్టుకుంది. ఆలస్యమెందుకైందని వియ్యపురాలు అడిగితే, "నన్ను మోసుకొచ్చినారమ్మా" అంది. వియ్యపురాలు నమ్మలేదు.

తిరుగు ప్రయాణంలో దారిపొడుగునా ఒకటే దిగులు. ఎక్కించారు సరే, దిగేదెట్లా? కుర్చీలో ఎవరూ లేకపోతే బస్సు ఆగదు కదా. సంచి ముందు విసరాలా, లేక సంచితో పాటే దూకాలా అని ఆలోచిస్తూ ఉండగా బ్రేకు పడింది.

నడిరోడ్డు మీద అదే కుర్చీలో గురమ్మ కూర్చుని కునికిపాట్లు పడుతోంది. కుర్చీ నాలుగు కాళ్ల చుట్టూ సున్నంతో గుండ్రాలు గీసి ఉన్నాయి. తూర్పు షెల్టరులో పుల్లయ్య, పడమటి షెల్టరులో గోపన్న చేతులు కట్టుకుని, కుర్చీ గీత దాటకుండా కాపలా కాస్తున్నారు. కుర్చీలో మనిషి ఉంటేనే బస్సు ఆగాలని, ఒక పూట తూర్పు మనిషి, ఒక పూట పడమటి మనిషి కూర్చోవాలని ఒప్పందమైందట. ఆ ఒప్పందం కూడా ఇద్దరూ నేరుగా మాట్లాడుకోలేదు. మధ్యలో నిలబడిన సుబ్బలక్ష్మమ్మతో చెప్పారు.

రాజ్యలక్ష్మమ్మ ఒక్కో మెట్టూ నిదానంగా దిగింది. అలికిడికి గురమ్మ కళ్లు తెరిచింది.

"పాప ఎవురి పోలిక మే?"

"ఇంకా తెలీల్యా అత్తా. పూటకో తీరుగా ఉండాది మొగం." రాజ్యలక్ష్మమ్మ డబ్బాలోంచి మిగిలిన నువ్వుండ తీసి ఆమె చేతిలో పెట్టింది. "లెయ్ అత్తా, ఇంటికి పోదాం పా. మంచు పడతాండాది."

"నువ్వు పోమ్మా" అంది గురమ్మ, కొంగు తల నిండా కప్పుకుని కుర్చీలో సర్దుకుంటూ. "ఆఖరి బస్సు రావాల ఇంకా. దాంట్లో పుల్లయ్య బామ్మర్ది వస్తాండాడంట."