ఎర్రగీతలు కూయవు

ఆ రోజు పొద్దుటి నుంచి జిపారా కాలు నేలమీద నిలవలేదు. నిలుస్తుందా మరి? అట్‌బాషీ అవతల ఉన్న ఆ ఊళ్ళో కురుత్ అనే ఎండు పెరుగుండలు చేసేవాళ్ళు ఇంటికొకరున్నారు గానీ, కురుత్ పొట్లానికి బార్‌కోడ్ చేసిన మనిషి తనొక్కతే. పెరుగు వడకట్టి, ఉప్పు కలిపి, ఉండలు చేసి ఎండబెట్టడం ఆమెకు ఈ జన్మకు రాలేదు. ఆమె చేసిన ఉండ ఎండేసరికి బంగాళాదుంపలా సొట్టలు పడేది. అందుకే అత్తగారు సాదత్ ఆమెను పెరుగు గిన్నెల దగ్గరికి రానివ్వదు.

"నువ్వా కంప్యూటర్ పెట్టె ముందు కూర్చో తల్లీ, ఉండలకి పుణ్యముంటుంది" అంటుంది.

సరే, కూర్చుంది. రాజధాని బిష్కెక్ లోని బార్‌కోడ్ ఆఫీసు నుంచి 470తో మొదలయ్యే అంకెలు తెప్పించుకుంది. చివరి అంకె మిగతా పన్నెండింటికీ కాపలాదారని తెలుసుకుని, వేళ్ళమీద లెక్కేసి మూడుసార్లు సరిచూసుకుంది. కంప్యూటర్లో అంకెలు కొట్టగానే సన్నవీ లావువీ నల్లగీతలు బారులు తీరి నిలబడ్డాయి. అత్తగారు రెల్లుపుల్లలకు ఉన్ని చుట్టి అల్లే చాప గుర్తొచ్చి జిపారా ముచ్చటపడిపోయింది. మురిసిపోతూ తీసుకెళ్ళి ఆవిడకే చూపించింది.

"పాల తిండి మీద నల్లగీతలేంటే? ఎవరు పోయారని?" అంది సాదత్.

"అపా, అన్ని పొట్లాల మీదా ఇలాగే ఉంటాయి" అంది జిపారా. అత్తగారిని అమ్మా అన్నట్టు అలాగే పిలుస్తుంది.

"అన్నీ తెల్లటి పాలతో చేసినవా? ఎర్రగా మార్చు. పెళ్ళికూతురి కొంగులా ఉండాలి."

అత్తగారు ఒక మెచ్చుకోలు మాట అంటుందేమోనని పదేళ్ళుగా చూస్తున్న కోడలు, రంగు మార్చమంటే మార్చకుండా ఉంటుందా? ఒక్క నొక్కు నొక్కింది. నల్లవి ఎర్రవయ్యాయి. నరీన్ పట్నంలో అచ్చు వేయించిన రెండువేల చీటీలను వాళ్ళతో కలిసి కురుత్ చేసే తొమ్మిదిమంది ఆడవాళ్ళు పాటలు పాడుకుంటూ రెండువేల పొట్లాలకు అంటించేశారు. ఇల్లలకగానే పండగ కాదని ఆ తొమ్మిదిమందిలో ఒక్కరికైనా తోచాలి కదా! తోచలేదు.

ఇక ఆ రోజు మధ్యాహ్నం బిష్కెక్ కొట్ల తరఫున కనిషాయ్ అనే ఆవిడ కారు దిగింది. ఆవిడ సరే అంటే పదకొండు కొట్ల అరల్లో వాళ్ళ కురుత్ ఉంటుంది. వేసవంతా కొండమీద పితికిన పాలన్నీ ఆ పొట్లాల్లోనే ఉన్నాయి. ఆవిడ టీ తాగింది, రొట్టె తింది, కురుత్ ఉండ బుగ్గన పెట్టుకుని కళ్ళు మూసుకుంది. తొమ్మిదిమందీ ఒకరినొకరు గిల్లుకున్నారు. అప్పుడావిడ సంచిలోంచి చేతి స్కానర్ తీసి, ఎర్రటి వెలుగు చీటీమీద పడేలా పట్టుకుంది.

కిక్కురుమనలేదు.

బల్లమీదున్న బిస్కెట్ల పొట్లానికి పెట్టింది. కీమని కూసింది. మళ్ళీ కురుత్‌కి పెట్టింది. మౌనం.

"ఇది గుడ్డి బార్‌కోడ్ అమ్మా. సాయంత్రం లోపల నా జాబితా మూసేస్తారు. గంటలో నేను బయల్దేరాలి. ఈలోగా ఒక్క చీటీ కూసినా మీ పేరు రాసుకుంటా. కూయకపోతే వచ్చే వేసవే" అంది కనిషాయ్.

నరీన్ వెళ్ళి రావాలంటే మూడు గంటలు. ఇంట్లో అచ్చు యంత్రం లేదు. ఆడవాళ్ళు ఊరుకున్నారా? ఒకామె చీటీని తలగుడ్డ కొసతో తుడిచింది. ఒకామె పొయ్యి దగ్గర వెచ్చబెట్టింది. బూరుల్ అనే లావుపాటావిడ "సిగ్గుపడుతోందేమో, మనం అటు తిరుగుదాం" అంది. నిజంగానే తొమ్మిదిమందీ గోడవైపు తిరిగి నిలబడ్డారు. చీటీకి సిగ్గు పోలేదు. కనిషాయ్ మాత్రం నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకుంది.

"ఇంతకీ ఈ ఎర్రరంగు ఎవరి ఆలోచన?" అని అడిగింది, చేతిరుమాలుతో మూతి తుడుచుకుంటూ.

సాదత్ తల వంచుకుని పంచదార బిళ్ళ కాగితం విప్పుతోంది.

"నాదే" అంది జిపారా.

సాదత్ చేతులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత, అత్తమీది కోపం దుత్తమీద చూపినట్టు, తనమీది కోపమంతా ఆ మెరుపు కాగితం మీద చూపించి చర్రున లాగింది. ఎర్రటి, అవతలిది కనబడేంత పల్చటి కాగితం. బిళ్ళ నోట్లో వేసుకుని, ఏడుపు దాచుకోవడానికో ఏమో, దాన్ని కళ్ళకడ్డంగా పట్టుకుని చీటీవైపు చూసింది.

"గీతలేవే?" అంది.

"ఉన్నాయిగా, అపా."

"లేవే పిచ్చిదానా, ఇలా చూడు."

జిపారా చూసింది. ఎర్ర కాగితంలోంచి చూస్తే చీటీ ఖాళీ. అక్కడ అంకెల్లేవు, గీతల్లేవు.

"నిప్పు వెలుగులో ఎర్ర ఉన్ని కొనకూడదని మా అమ్మ చెప్పేది. తెల్లదేదో ఎర్రదేదో తెలిసి చావదు. మీ యంత్రానిది ఎర్రచూపు. దానికి నా పెళ్ళికూతురు కనబడదు" అంది సాదత్. చెయ్యి చాచింది. "నల్లసిరా కలం తే. సన్నటిది."

"అపా, నల్లగీతలు..."

"ఎవరూ పోలేదులే, తే."

యాభై ఏళ్ళుగా వెంట్రుకవాసి తేడా లేకుండా రెల్లుపుల్లలకు ఉన్ని చుట్టిన చేతులవి. స్కేలు ఆనించి, ఊపిరి బిగబట్టి, ఎర్రగీత మీద నల్లగీత, సన్నదానిమీద సన్నది, లావుదానిమీద లావుది దిద్దుకుంటూ పోయింది. జిపారా పక్కనే మోకాళ్ళమీద కూర్చుని "ఇది రెండంతలు, అపా. ఇది ఒకటే. దీని పక్కది తాకకూడదు" అంటూ చెప్పింది. జన్మలో మొదటిసారి అత్తగారు ఆమె చెప్పినట్టు విన్నది. కనిషాయ్ గడియారం చూసుకోవడం మానేసింది.

ఆఖరి గీత ఆరింది. స్కానర్ పెట్టారు.

కీమంది.

ఇక ఆ ఇంట్లో మనుషులు మనుషుల్లా లేరు. బూరుల్ కనిషాయ్‌ని ముద్దు పెట్టుకుంది. స్కానర్ తొమ్మిది చేతులు మారి, తొమ్మిదిసార్లు కూసి, పదోసారి బిస్కెట్లకి కూడా కూసింది. మిగతా వాటిమీద నల్లచీటీలు అంటించి శుక్రవారానికి పంపమని కనిషాయ్ జాబితాలో పేరు రాసుకుంది. సాదత్ ఏదీ అని చూస్తే, అరవై ఎనిమిదేళ్ళ మనిషి చెప్పులు కూడా లేకుండా వీధిలో పరిగెడుతోంది. శుభవార్త మోసుకొచ్చినవాళ్ళకి కానుక ఇవ్వాలి కదా, దాన్ని అరిచి మరీ అడుగుతోంది.

"సుయున్చు! సుయున్చు ఇవ్వండి! మా కోడలి గీతలు కూశాయి! ఎర్రరంగు తప్పు నాది, కూత దానిది!"

గుమ్మంలో నిలబడ్డ జిపారాకి ఆ మాట వినబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

సాదత్ రొప్పుతూ తిరిగొచ్చింది. ఎదురింటి ముసలమ్మ కానుకగా ఇచ్చిన పూల రుమాలు కోడలి తలకి కట్టి, గడ్డం కింద ముడి బిగించింది.

"మోసింది నేనే గానీ వార్త నీది. రేపట్నించి ఆ పెట్టె పని నాకూ నేర్పు."

"మరి నాకు ఉండలు చెయ్యడం నేర్పుతావా, అపా?"

"నువ్వు మాత్రం ఉండల జోలికి రాకు" అంది సాదత్.