రెండొందల రంధ్రాలు

రోజూ పొద్దున్నే షట్టర్ పైకి లేపి, గోడకి వేలాడే గొట్టాల కింద నేల ఊడ్చి, వెల్డింగ్ కళ్ళద్దాలు చొక్కా కొసతో తుడుచుకుని కూర్చునేవాడు అతను. ఊళ్ళో అందరూ గొట్టాలాయన అనేవారు. కార్ల సైలెన్సర్లు, వాటి ముందుండే కన్వర్టర్లు బాగుచెయ్యడం అతని పని.

పాత బండి ఏదైనా వచ్చి ఇంజిన్ ఆపకుండా నిలబడితే, వెనక గొట్టంలోంచి పొగతోపాటు పాత రోజులూ వచ్చేవి. డాక్టరు గారి కారులోంచి పసిబిడ్డ సబ్బు వాసన. పూలమ్మే ఆవిడ వ్యానులోంచి ఎప్పటిదో వాన చప్పుడు. కన్వర్టర్ బాగున్నంతకాలం పొగలోని విషాన్నీ, ఆ రోజుల్నీ లోపలే కాల్చి శుభ్రం చేసేస్తుంది. అది పాడైందా, అన్నీ కారిపోతాయి. "కాస్త రోజులు కారుతున్నాయండీ, చూసి పెట్టండి" అని బండి అప్పగించి వెళ్ళిపోయేవాళ్ళు. అతను చీటీ మీద 'నట్లు వదులు' అని రాసుకున్నట్టే 'రోజులు' అని రాసుకునేవాడు.

ఒక మంగళవారం, వీధి మలుపు తిరగకముందే ఒక ఇంజిన్ చప్పుడు గుర్తుపట్టాడు. చేతిలో రెంచి అలాగే ఉండిపోయింది. రెండు తలుపుల వెండిరంగు కారు వచ్చి షాపు ముందు ఆగింది. స్టీరింగ్‌కి అతుక్కుపోయినట్టు కూర్చుని ఉంది అక్క, స్కూల్లో లెక్కలు చెప్పే అక్క.

"కొత్తగా పెట్టిన పొగ పరీక్ష తప్పిందిరా" అంది దిగుతూనే. "నెలాఖరులోగా కన్వర్టర్లు మార్చకపోతే తుక్కు కింద పట్టుకుపోతారట."

"బావ పంపించాడా?"

"నేనొచ్చినట్టు మీ బావకి తెలీదు. ఇంట్లో కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు. అది నా సంచిలో ఉంది."

ఆ కారుని బావా, అతనూ కలిసి నాలుగేళ్ళపాటు విప్పి, బిగించి, ఇంజిన్‌కి బలమిచ్చే టర్బో తగిలించి, కొండ మీదికి వేగంగా ఎక్కే పోటీల కోసం తయారుచేశారు. పదకొండేళ్ళ కిందట, పోటీకి ముందురోజు సాయంత్రం, అతను బావకి చెప్పకుండా రెండు కన్వర్టర్లూ కోసి, లోపలున్న తేనెపట్టులాంటి దిమ్మల్ని పగలగొట్టి పారేసి, ఖాళీ డబ్బాల్ని మళ్ళీ అతికించేశాడు. ఇంజిన్‌కి ఇంకాస్త బలం వస్తుందని ఆశ. మర్నాడు తనిఖీలో దొరికిపోయింది. అతనికి మొహం చెల్లక గుంపులోంచి జారుకున్నాడు. ఆ సాయంత్రం బావ ఇంట్లో అందరి ముందూ "ఇంకెప్పుడూ నా బండి మీద చెయ్యి వెయ్యకు" అన్నాడు. అంతే, అతను మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. బావ కూడా పోటీలు మానేశాడు. తన మోకాలి నొప్పి వల్లేనని అక్కకి చెప్పాడట. తనమీద కోపంతోనే మానేశాడనుకున్నాడు అతను, అలా అనుకుని తనూ కోపం పెంచుకున్నాడు.

అక్క కారు వెనక్కి వెళ్ళి నిలబడింది.

"రోజూ ఇంజిన్ వేడిచెయ్యాలన్న వంకతో పెరట్లో ఓ పది నిమిషాలు ఇక్కడే నిలబడతానురా. భోజనాల దగ్గర మీరిద్దరూ దెబ్బలాడుకోవడం, నవ్వుకోవడం అన్నీ వినిపిస్తాయి. పోయిన అమ్మ దగ్గు కూడా. కొత్తవి పెడితే అవన్నీ పోతాయా?"

"ఏవి పెడతామన్నదాన్ని బట్టి ఉంటుంది."

బల్ల మీద వరసగా పెట్టి చూపించాడు. కంపెనీవాళ్ళది పింగాణీ దిమ్మ, చదరపు అంగుళానికి ఆరొందల రంధ్రాలు. పరీక్ష కళ్ళు మూసుకుని పాసవుతుంది, కానీ టర్బో ఉన్న ఇంజిన్‌కి ముక్కు నొక్కిపట్టి పరిగెత్తమన్నట్టే. చవకది వందే రంధ్రాలు. రోజులన్నీ వస్తాయి, పొగా వస్తుంది, పైగా ఈ ఇంజిన్ వేడికి మూడు నెలల్లో కరిగి ముద్దవుతుంది. మిగిలింది పల్చటి లోహపు రేకులు చుట్టినది. అందులో నాలుగొందలవీ ఉన్నాయి, రెండొందలవీ ఉన్నాయి.

"నాలుగొందలైతే నిశ్చింత. రెండొందలైతే బండి హాయిగా ఊపిరి పీలుస్తుంది. కానీ పరీక్షలో అంచు మీద ఉంటుంది. ఇంజిన్‌లోకి గాలితో కలిసి పెట్రోలు ఎంత చిక్కగా వెళ్తోందో తెలియాలి."

"అది మీ బావకే తెలియాలి" అంది అక్క. బడికి టైమైపోయిందని ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

అతను కారుని పైకెత్తి, ఇంజిన్ నడిపి, పొగ కొలిచే మీటరు గొట్టం వెనక పెట్టాడు. మొదట భోజనాల దగ్గర నవ్వులొచ్చాయి. అపశ్రుతిలో పాడుతున్న తన గొంతే వచ్చింది. వేగం పెంచాడు. అరగంటకి గొట్టాలు ఎర్రబడ్డాక, అక్క పెరట్లో పది నిమిషాల వేడికి ఎన్నడూ బయటికి రాని రోజొకటి వచ్చింది. తడిగడ్డి వాసన. తనిఖీ అధికారి గొంతు.

"ఎవరు తీశారివి?"

"నేనే" అన్నాడు బావ.

"అతుకు చూస్తే మీ బావమరిది చేతిలా ఉందే."

"వాడికేం తెలీదండీ. నా పేరే రాసుకోండి."

"రాస్తే మీరిక జన్మలో పోటీకి రాలేరు."

"రాసుకోండి. వచ్చే నెల వాడికి వెల్డింగ్ సర్టిఫికెట్ పరీక్ష ఉంది. వాడి పేరు ఇందులోకి రాకూడదు."

అతను ఇంజిన్ ఆపేశాడు. ఆ సర్టిఫికెట్ లేకపోతే ఈ షాపు లేదు, ఈ షట్టరూ లేదు. ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. పదకొండేళ్ళుగా మోస్తున్న కోపాన్ని ఎక్కడ దింపాలో తెలియలేదు. చాలాసేపటికి ఫోన్ తీశాడు. ఆ నంబరు వేళ్ళకి ఇంకా గుర్తుంది.

"పై గేర్లలో పెట్రోలు ఎంత చిక్కగా పెట్టావు బావా?"

అటువైపు ఏదో సొరుగు లాగిన చప్పుడైంది.

"రాసుకున్న పుస్తకం చూడాలి" అన్నాడు బావ. "కళ్ళజోడు కనపళ్ళేదు."

"అక్క సంచిలో ఉంది. బండి ఇక్కడుంది."

సొరుగు మూసిన చప్పుడైంది.

"ఏవి పెడుతున్నావు? రెండొందలా, నాలుగొందలా?"

"రెండొందలవి. ఇంజిన్‌కి దగ్గరగా పెడితే తొందరగా వేడెక్కి పరీక్ష దాటేస్తాయి. గొట్టం జానెడు కొయ్యాలి."

"నేనొచ్చేదాకా కొయ్యకు."

కళ్ళజోడు లేకుండానే రెండు బస్సులు మారి వచ్చాడు బావ. జుట్టంతా తెల్లబడింది. జానెడు కొయ్యాలా, బెత్తెడా అని మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. మొహానికి వెల్డింగ్ ముసుగు దించుకున్నాక, అతను మెల్లగా అడిగాడు. "ఆ రోజు నీ పేరెందుకు చెప్పావు?"

"ఎడమ గొట్టం కాస్త పైకెత్తి పట్టుకో" అన్నాడు బావ.

పరీక్ష వెంట్రుకవాసిలో పాసయింది. ఆ సాయంత్రం అక్క కారు వెనక నిలబడింది. వెచ్చటి గాలి తప్ప ఏమీ రాలేదు. చాలాసేపటికి రెండొందల రంధ్రాల్లోంచి అమ్మ ఒక్కసారి దగ్గింది. "చాల్లే" అంది అక్క.

మరుసటి వారం అతను పోటీల సంఘానికి వెళ్ళి, ఆ పని చేసింది తనేనని రాసి సంతకం పెట్టాడు. బావ మీది నిషేధం తీసేశారు. అతన్ని మాత్రం ఒక ఏడాదిపాటు పోటీ జరిగేచోట కార్ల దరిదాపులకి రానివ్వబోమన్నారు.

అందుకని పోటీ రోజు అతను అక్కతో కలిసి జనాన్ని ఆపే తాడుకి ఇవతలే నిలబడ్డాడు. యాభై ఎనిమిదేళ్ళ బావ వెండిరంగు కారులో కొండెక్కాడు. ఇరవై రెండు కార్లలో పంతొమ్మిదోవాడిగా దిగొచ్చి, తాడు పక్కన ఆపి అద్దం దించాడు. మొహమంతా చెమట.

"మూడో మలుపులో ఎడమ గొట్టానికి ఊపిరి కాస్త బిగపడుతోందిరా. ఆదివారం పెందలాడే షాపు తియ్యి."