పావురాలకు తలంబ్రాలు

కొత్తగా పెళ్ళయిన ఇంట్లో తెల్లవారడం ఎంత మెత్తగా ఉంటుందో అనుభవించినవారికే తెలుస్తుంది. బెంగళూరు మారతహళ్ళిలోని ఆ పై అంతస్తు ఫ్లాట్‌లో పాలు పొంగక ముందే బాల్కనీ నిండా రెక్కల చప్పుడు. పెళ్ళిలో మిగిలిన తలంబ్రాలను భవ్య ఒక డబ్బాలో దాచి తెచ్చుకుంది. రోజూ గుప్పెడు చల్లితే పావురాలు ఆ పసుపు గింజలను ఏరుకు తినేవి. ఎండ పడి వాటి మెడలు ఆకుపచ్చగా, ఊదాగా మెరిసేవి.

"చూడు హరీశ్, మన పెళ్ళికి రానివాళ్ళంతా ఇప్పుడొస్తున్నారు!"

"భోజనాలకే కదా! ఒక్కరైనా చదివింపులు ఇచ్చారా?" అని నవ్వేవాడు భర్త.

కింద ఉండే ఇంటి యజమానురాలు సుశీలమ్మ మురిసిపోయేది. "శానా పుణ్యమమ్మా. మా అత్త కాలం నుంచీ మేమూ గింజలు ఏస్తానే ఉండాము."

ఆదివారాలు హరీశ్ చీపురు పట్టి ఎండిన రెట్టలు ఊడ్చేవాడు. లేచిన ధూళి ఎండలో బంగారు పొడిలా తేలితే భవ్య ముచ్చటగా చూసేది. పాఠకులారా, కీడు అంత అందంగా కూడా ఇంట్లోకి రాగలదు.

వానలు మొదలయ్యాక హరీశ్‌కు దగ్గు పట్టుకుంది. ఆఫీసు ఏసీ వల్ల అనుకున్నారు, బెంగళూరు చలి అనుకున్నారు. తర్వాత జ్వరం వచ్చింది. మెట్లెక్కుతూ మధ్యలో గోడ పట్టుకుని ఆగిపోయేవాడు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ కనిపించింది. క్షయ కాదని పరీక్షలు తేల్చాయి. మరేమిటో తెలియలేదు. రాత్రుళ్ళు అతని ఊపిరి వింటూ భవ్య మేలుకుని ఉండేది.

ఆసుపత్రిలో డాక్టర్ అర్చన హరీశ్‌ను అడిగింది. "కీళ్ళ జబ్బుకు ఏళ్ళుగా మందులు వాడుతున్నారు. అవి రోగాన్ని ఎదిరించే శక్తిని తగ్గిస్తాయి. ఇంట్లో కుక్క, పిల్లి, పక్షులు ఏమైనా పెంచుతున్నారా?"

"లేదు మేడమ్," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అప్పుడే కిటికీ అంచున ఒక పావురం వాలింది. హరీశ్ ఆయాసపడుతూనే నవ్వాడు. "మన చుట్టం ఇక్కడికీ వచ్చింది, భవ్యా. పొద్దున వాళ్ళకి తలంబ్రాలు వేశావా?"

డాక్టరు చప్పున తలెత్తింది. "ఎవరికి?"

"మేం పెంచట్లేదు మేడమ్... అవే వస్తాయి," అంది భవ్య. చెబుతుండగానే ఆ బంగారు పొడి ఆమె కళ్ళ ముందు మెదిలింది.

కొత్త పరీక్షల్లో ఫంగస్ బయటపడింది.

"ఎండిన పావురాల రెట్టల్లో ఇది పెరుగుతుంది. పొడిగా ఊడిస్తే గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది," అంది డాక్టరు. "చాలామందికి ఏమీ కాదు. మీవంటి వారికి మెదడుదాకా పాకవచ్చు. అరుదైన జబ్బు కదా, మీరు చెప్పకపోతే మాకూ త్వరగా తట్టదు. మందుంది. నెలల తరబడి వాడాలి."

"నేను దగ్గర కూర్చోవచ్చా?" అంది భవ్య బెదురుగా.

"ఆనుకునే కూర్చో. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు."

"పుణ్యమనుకుంటిమి కదప్పా!" అని సంగతి విన్న సుశీలమ్మ కళ్ళొత్తుకుంది. మాస్కులు కట్టించి, నీళ్ళతో తడిపి బాల్కనీ కడిగించింది. వల కట్టించింది.

చలికాలం వెళ్ళాక ఒక సాయంత్రం హరీశ్ ఎక్కడా ఆగకుండా మెట్లన్నీ ఎక్కి వచ్చాడు. ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీద పావురాలు ఎండ కాగుతున్నాయి. డబ్బాలో మిగిలిన ఆఖరి గుప్పెడు భవ్య అతని తల మీద పోసింది.

"మళ్ళీ పెళ్ళా?" అని పగలబడి నవ్వాడు. ఆ నవ్వులో దగ్గు లేదు.

పక్షులను దూరం నుంచే ప్రేమిద్దాం. డాక్టరు అడిగినప్పుడు మనం పెంచే ప్రాణుల సంగతే కాదు, మన ఇంటికి వచ్చిపోయేవాటి సంగతీ చెబుదాం.