తప్పిపోయిన మనిషి ఆనవాళ్లు

డబ్బా మూత సరిగ్గా పడలేదని ఆమెకు బయల్దేరేముందే తెలుసు. కానీ భర్త కారులోంచి మూడోసారి హారన్ కొట్టేసరికి, పైన రబ్బరు బ్యాండు చుట్టి ఎర్ర సంచీలో పెట్టేసింది. అందులో నలుగురి భోజనం, అత్తగారి మాత్రలు, ఆడపడుచు కళ్లజోడు, గొడుగు, రెండు తువ్వాళ్లు ఉన్నాయి. తనదంటూ ఏముందని అడిగితే చెప్పలేకపోయేది. ఎవరూ అడగలేదు కూడా.

వేసవి ఆఖరి ఆదివారం, పల్లెటూళ్లో జానపద పాటల ఉత్సవం. వెళ్దామన్నది భర్తే. ఏ డప్పుకి ఏ తోలు వాడతారో దారిపొడవునా చెబుతూనే ఉన్నాడు. మధ్యలో అద్దంలోంచి ఆమెను చూసి, "నువ్వు నిద్రపోతావులే. నీకు తెలిసినవన్నీ జోలపాటలేగా!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. చెవుల ఆసుపత్రిలో పద్నాలుగేళ్లుగా వినికిడి పరీక్షలు చేస్తున్నది ఆమే. రోగిని గాజు గదిలో కూర్చోబెట్టి, సన్నటి కూతలు వినిపించి, ఎవరికి ఏ శబ్దం అందడం లేదో పట్టుకునేది ఆమే. అంతా అయ్యాక రోగులు "డాక్టరుగారు ఎప్పుడు చూస్తారమ్మా?" అంటారు. ఆమె రాసిచ్చిన కాగితం చూసి డాక్టరు, "నాకు ముందే అనుమానం వచ్చింది" అంటాడు.

కోత అయిపోయిన పొలంలో పందిళ్లు వేశారు. కూర్చున్నారో లేదో సంచీ అడుగు తడిసింది. "అమ్మాయ్, కారుతోంది చూడు" అన్నారు అత్తగారు. "కడుక్కునొస్తావా? ఇదిగో, ఇవి కూడా అందులో వేసెయ్, జేబులో గుచ్చుకుంటున్నాయి" అని భర్త కారు తాళాలు ఇచ్చాడు.

కుళాయి వేదిక వెనకాల ఉంది. అక్కడ చాప మీద నలుగురు ఆడవాళ్లు తమ వంతు కోసం కాచుక్కూర్చున్నారు. వాళ్లలో పెద్దావిడ, ఒడిలో డప్పు పెట్టుకుని, తనలో తాను పాడుకుంటున్నట్టు పాడుతోంది. డబ్బా కడగడం అయిపోయినా ఆమె కుళాయి దగ్గర్నుంచి కదల్లేదు.

"నిలబడి వింటే కాళ్లకే వినిపిస్తుంది. కూర్చో తల్లీ" అంది పెద్దావిడ.

"మావాళ్లు భోజనానికి చూస్తుంటారండీ."

"ఆకలేస్తే వాళ్లే వెతుక్కుంటార్లే."

కూర్చుంది. పాటలో మాటలు సగం అర్థం కాలేదు. ఎవరో నాట్లు వేస్తున్నారు, ఎవరో గట్టు మీంచి పిలుస్తున్నారు, అంతే. రాగం పైకి వెళ్లినచోట ముసలి గొంతు చీలింది. సరిగ్గా అక్కడే ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎందుకో తెలియలేదు. తననెవరూ కొట్టలేదు, తిట్టలేదు. "నువ్వుండగా నాకు బెంగేంటోయ్" అంటాడు భర్త. "మా కోడలికి నోరు తెరిచి అడగాల్సిన పనే లేదు" అని నలుగురిలో చెప్పుకుంటారు అత్తగారు. "వదిన చేతిలో పెడితే మర్చిపోవచ్చు" అంటుంది ఆడపడుచు. అన్నీ మెచ్చుకోళ్లే. మరి ఆ మెచ్చుకోళ్లు ఒక్కొక్కటే గుర్తొస్తుంటే ఈ ఏడుపేమిటి? ఇది బాధా, కోపమా, లేక పొద్దున్నుంచీ ఏమీ తినకపోవడమా? లేచి వెళ్లాలనుకుంది. ఈ ఒక్క పాటా అయ్యాక, అనుకుంది. అది అయ్యింది. ఇంకోటి మొదలైంది.

మైకు గరగరలాడింది.

"దయచేసి వినండి. ఒక మహిళ తప్పిపోయారు. వయసు యాభై. ఆకుపచ్చ డ్రెస్సు. చేతిలో ఎర్ర సంచీ. సంచీలో నాలుగు భోజనం డబ్బాలు, బీపీ మాత్రలు, కళ్లజోడు, కారు తాళాలు..."

అయ్యో, ఎవరో పాపం, అనుకుంది. తాళాల దాకా వచ్చాక ఒళ్లోకి చూసుకుంది. ఎర్ర సంచీ. ఆమె వేసుకున్నది నీలం. ఆమెకు నలభై మూడు.

లేచి మైకు దగ్గరికి వెళ్తే, ప్రకటన చదివిన మేష్టారు చీటీ చూసి, ఆమెను చూసి, మళ్లీ చీటీ చూశాడు. "మీరు కాదమ్మా. ఆకుపచ్చ అని రాశారు."

"నేనేనండీ."

"వయసు కూడా కలవట్లేదే!"

నవ్వాలో ఏడవాలో తెలియక, "ఒకసారి చూపిస్తారా?" అంది. భర్త చేతిరాతే. సంచీలోవి ఒక్కటీ వదల్లేదు. తడిసిన అడుగు సంగతి కూడా రాశాడు. పేరు దగ్గర 'మా ఆవిడ' అని ఉంది.

"రాసిచ్చినాయన ఏరండీ?"

"దొరికితే పంపించమని చెప్పి వెళ్లిపోయారు. ముందు వరసలో కూర్చున్నారు. మంచి పాట వస్తోందట."

ఆమె సంచీ బల్ల మీద పెట్టింది. పెన్ను అడిగి తీసుకుని, ఆకుపచ్చ కొట్టేసి నీలం అని రాసింది. యాభై కొట్టేసింది. 'మా ఆవిడ' మీద గీత గీసి, పక్కన తన పేరు రాసింది. రాసి, ఆ పేరు తనదేనా అన్నట్టు కాసేపు చూసింది. తాను చేస్తున్నది తప్పో, తగాదాయో, చిన్నపిల్ల మారామో ఆమెకే తేలలేదు.

"సంచీ ఆయనకి ఇచ్చెయ్యండి. అత్తయ్యగారు అన్నం తినకముందే తెల్ల మాత్ర వేసుకోవాలి, అది మాత్రం చెప్పండి."

మేష్టారు తలగోక్కున్నాడు. "మరి మైకులో ఏం చెప్పమంటారు? దొరికారనేనా?"

ఆమె వేదిక వెనక్కి చూసింది. చాప మీద ఆడవాళ్లు లేచి కొంగులు దులుపుకుంటున్నారు, వాళ్ల వంతు వచ్చినట్టుంది.

"సంచీ దొరికిందని చెప్పండి. మనిషి కోసం ఎవరైనా అడగడానికి వస్తే మాత్రం ఈ చీటీ చూపించండి" అని, పాట వినడానికి పందిట్లో వెనక వరసలో ఖాళీగా ఉన్న ఒక కుర్చీ వైపు నడిచింది.