సైరన్ మోగితే నా దగ్గరికే రా

కొండ మీద అడవి అంటుకున్న సంగతి ఊరికి తెలియకముందే చిన్నకోడలి కడుపు అంటుకుని ఉంది. అడవిని అంటించింది పిడుగో, ఎవరో పారేసిన సిగరెట్ పీకో ఎవరూ తేల్చలేకపోయారు. ఆమె కడుపును అంటించింది మాత్రం తోడికోడలే. అందులో అనుమానం లేదు.

పెద్దకోడలికి రాని పనంటూ లేదు. వ్యాను నడుపుతుంది, నీళ్ల పైపు పగిలితే తనే బిగిస్తుంది. మంట కిందికి దిగితే ఊరు ఖాళీ చెయ్యాలని చెప్పడానికి ఫైర్ వాళ్లు వచ్చిన రోజున, ఈ వీధి బాధ్యత ఎవరు చూస్తారని అడిగితే మగవాళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుని చివరికి ఆవిడ వైపే చూశారు. చిన్నకోడలి మొగుడైతే చెయ్యెత్తి మరీ చూపించాడు, మా వదిన అని. "మా ఆవిడ" అని అంత గొప్పగా ఎప్పుడైనా అన్నాడా అని చిన్నకోడలు వెతుక్కుంది గానీ, పెళ్లినాటి నుంచి వెతికినా ఒక్కసారీ దొరకలేదు.

ఇక ఆ రోజు నుంచి ఇంట్లో పెద్దకోడలి మాటే మాట. చూరు మీది ఎండుటాకులు తీయించింది. కిటికీల తెరలు విప్పించింది. నిప్పురవ్వ కిటికీలోంచి పడినా అంటుకోకుండా మంచాలు, పరుపులు, బల్ల, బీరువా అన్నీ గోడల దగ్గర్నుంచి లాగించి గది నడిమధ్య కుప్ప వేయించి, పైన తడి దుప్పట్లు కప్పించింది. గ్యాస్ సిలిండర్ పెరటి చివరికి పోయింది. వ్యాను ముక్కు రోడ్డు వైపు తిరిగింది. ఇంట్లో ఎవరూ మిగల్లేదని తేలాక గేటుకి తెల్ల తువ్వాలు కట్టాలి. అది కనిపిస్తే, చిక్కుకుపోయినవాళ్లను వెతికేవాళ్లు ఆ ఇంటి ముందు ఆగరు, మనుషులున్న ఇంటికి పోతారు. అన్నదమ్ములిద్దరూ ఊరి చివర ఎండుగడ్డి చెక్కి మంటకు దారి లేకుండా చేసే పనిలో ఉన్నారు, సైరన్ మోగితే ఫైర్ వాళ్ల బండిలోనే వస్తారు కాబట్టి, ఇల్లు కోడళ్ల చేతుల్లోనే ఉంది.

ఆ హడావుడిలోనే పక్కింటాయన వచ్చి, మీరెలాగూ వెళ్లిపోతున్నారుగా, మీ నిచ్చెన మేం వాడుకోవచ్చా అని అడిగాడు. చక్రాల కుర్చీలో కూర్చున్న అత్తగారు, ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగే రకం నువ్వు అని పంపించేసింది. ఆవిడకు కాళ్లు పడిపోయాయి గానీ నోరు పడిపోలేదు.

ముందొక రోజు రిహార్సల్ జరిగింది. సైరన్ మోగగానే చిన్నకోడలు వాకిట్లో చేతులు చాచి నిలబడింది. నాలుగో ఏడు నడుస్తున్న కూతురు బుడ్డి పరిగెత్తుకొచ్చింది. వచ్చింది వచ్చినట్టే తల్లి చేతుల కిందుగా దూరి వెళ్లి పెద్దమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుంది. వీధంతా నవ్వింది. నీకు అమ్మెవరే అని ఎవరో అడిగితే, పిల్ల సిగ్గుపడి పెద్దమ్మ కొంగులో ముఖం దాచుకుంది. నవ్వకపోతే బాగుండదని చిన్నకోడలూ నవ్వింది. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయింది.

దాని మీద కారం చల్లినట్టు, అసలు రోజున అత్తయ్య బాధ్యత నీది, పిల్ల బాధ్యత నాది అని పెద్దకోడలు పంచేసింది. తన నడుము బరువులెత్తే నడుము కాదట. నిజమే, ఆవిడకు నడుం నొప్పి ఉంది. ఉన్న నిజమే మరీ మండిస్తుంది. ఆ మాట మొగుడితో చెప్పుకుంటే, వదిన ఆలోచించే చెప్పుంటుందిలే అని అన్నం కలుపుకున్నాడు. అక్క తన పిల్లలిద్దర్నీ పెంచి పట్నంలో పనులకు పంపేసింది కదా, ఇంకా నా పిల్ల మీద కన్నెందుకు అని చిన్నకోడలి బాధ.

అందుకని పిల్లకు స్నానం చేయిస్తూ చెవిలో ఒక ఆట చెప్పింది. సైరన్ మోగితే గది మధ్య కుప్పలో దూరి నక్కి కూర్చోవాలి. పెద్దమ్మ పిలిస్తే పలకకూడదు. అమ్మ పిలిస్తేనే రావాలి. గెలిస్తే బిస్కెట్. ఇంకో రిహార్సల్ ఉందని ఫైర్ వాళ్లు చెప్పి ఉన్నారు. ఆ రోజు పెద్దకోడలు గొంతు పోయేలా పిలుస్తుంది, పిల్ల పలకదు. అప్పుడు తను ఒక్క పిలుపు పిలుస్తుంది. వీధి వీధంతా చూస్తుంది. పెద్దకోడలు బయటికెళ్లినప్పుడల్లా తల్లీకూతుళ్లు ఆ ఆట ఆడారు. బుడ్డికి చెప్పిన మాట తూచా తప్పకుండా చేసే గుణం ఉందని తల్లి తెగ మురిసిపోయింది.

రెండో రిహార్సల్ జరగలేదు. దానికంటే ముందే గాలి తిరిగింది.

మధ్యాహ్నమే సూర్యుడు రాగి పళ్లెంలా అయిపోయాడు. ఆరేసిన బట్టల మీద బూడిద రేకులు రాలాయి. సైరన్ మోగింది, ఈసారి ఆగలేదు. చిన్నకోడలు ఇంట్లోకి పరిగెత్తింది. ఆట గుర్తు రాలేదు, బిస్కెట్ గుర్తు రాలేదు. నేర్చుకున్న పని మాత్రం చేతులు వాటంతట అవే చేశాయి. అత్తగారి ముక్కుకు తడిగుడ్డ కట్టి, కుర్చీ తోసుకుంటూ రోడ్డు మీదికి వెళ్లి, ఆవిణ్ని ఎత్తి వ్యానులో కూర్చోబెట్టి బెల్టు బిగించింది. పిల్ల అక్క దగ్గరుందిలే అనుకుంది. ఆ మాటకు మనసు కుదుటపడటం కూడా మొదటిసారే.

పెద్దకోడలు దగ్గుకుంటూ వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది. ఇల్లంతా తిరిగి చూశానని, తువ్వాలు కట్టేశానని చెప్పి, తాళం తిప్పబోతూ వెనక్కి చూసింది.

"బుడ్డేది? ఎంత పిలిచినా పలక్కపోతే నువ్వే తీసుకొచ్చావనుకున్నా."

చిన్నకోడలికి అప్పుడు ఆట గుర్తొచ్చింది. దూకి పరిగెత్తింది. ఎదురుగా వెతికేవాళ్ల జీపు వస్తోంది. తెల్ల తువ్వాలు చూసి, కనీసం వేగమైనా తగ్గించకుండా ఇంటి ముందు నుంచి వెళ్లిపోయింది.

గదిలో పొగ పైనుంచి నడుము ఎత్తుదాకా దిగి ఉంది. "బుడ్డీ, అమ్మనే, వచ్చేయ్" అని అరిచింది. కుప్ప లోపల్నుంచి దగ్గు వినిపించింది. పిల్ల బల్ల కింద పరుపుల మధ్య ఇరుక్కుని ఉంది. తల్లి చెయ్యి పెట్టిన వైపు బీరువా అడ్డం. వేళ్లు అందుతున్నాయి గానీ మనిషి రావడం లేదు. బీరువాను తోసింది, కదల్లేదు. అప్పుడు అవతలి వైపు మంచం పైకి లేచింది. నడుం నొప్పి మనిషి, మంచాన్ని భుజం మీదికెత్తుకుని, రెండో చెయ్యి లోపలికి చాచింది.

పిల్ల ఆ చెయ్యి చూసి ఇంకా లోపలికి జరిగింది.

"నీతో రాను. అమ్మ వద్దంది."

మంచం కింద పెద్దకోడలి ముఖం ఎలా మారిందో పొగలో కనిపించలేదు. చెయ్యి మాత్రం వెనక్కి పోలేదు.

"వెళ్లు తల్లీ," అంది చిన్నకోడలు. "పెద్దమ్మ దగ్గరికి వెళ్లు."

"అయితే ఓడిపోతాగా?"

"లేదు. నేనే ఓడిపోయా. వెళ్లు, పెద్దమ్మను గట్టిగా పట్టుకో."

పిల్ల పాకింది. పెద్దకోడలు చంక కింద పట్టి లాగి, మంచం దబ్బున వదిలేసి బయటికి నడిచింది. చిన్నకోడలు వెనకే పరిగెత్తింది.

వ్యాను ఊరు దాటింది. బుడ్డి ఇద్దరి మధ్యా కూర్చుని దగ్గుతూ నీళ్లు తాగుతోంది. పెద్దకోడలు రెండుసార్లు గేరు తప్పుగా వేసింది. ఆ చేతులూ తడబడగలవని చిన్నకోడలికి ఇప్పుడే తెలిసింది. ఏదో ఒకటి తిట్టు అక్కా, ఇలా ఊరుకోకు అంది.

"తిట్టడానికి ఊపిరి ఉండాలిగా," అంది పెద్దకోడలు. రోడ్డు మీది చూపు తిప్పకుండానే, "నా పిల్లలు చిన్నప్పుడు నన్ను కాదని మన అత్తగారి దగ్గరే పడుకునేవాళ్లు. ఒకసారి ఆవిడ మంచం కోళ్లు కోసేద్దామా అనుకున్నా. ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తే ముందు నానమ్మనే అడుగుతారు. ఇప్పటికీ మండుతుంది" అంది.

"నా చెవులు బాగానే పని చేస్తున్నాయి," అంది అత్తగారు వెనక సీటులోంచి, తడిగుడ్డ కిందికి లాగి.

 పెద్దకోడలు అద్దంలో ఆవిణ్ని ఒకసారి చూసి, చిన్నకోడలితో అంది.

"నాకు చెప్పుంటే పిల్లను నీకే వదిలేసేదాన్ని కదే. పిల్లతో మాత్రం ఇంకెప్పుడూ అలా చెప్పకు."

చెప్పనని చిన్నకోడలు తలూపింది. 

పొగ పల్చబడేసరికి బుడ్డి కునుకు తీసింది. తల పెద్దమ్మ మోచేతి మీదికి వాలింది. బండి నడిపే చెయ్యి కదా, ఇబ్బందని, చిన్నకోడలు ఆ తలను మెల్లగా తన వైపు తిప్పుకుంది. రోడ్డు మలుపు తిరిగింది. తల మళ్లీ అటే దొర్లింది. ఈసారి ఆమె ముట్టుకోలేదు. తర్వాతి మలుపు ఎటు తిరుగుతుందా అని ముందుకు వంగి రోడ్డు వంకే చూస్తూ కూర్చుంది.