తమ్ముడి ఛాతీలో కాపలావాళ్ళు

పొద్దున్నే మొదటి ట్రిప్పుకి వెళ్ళే ముందు కండక్టరమ్మ తమ్ముడికి అన్నం డబ్బా సర్దుతుంది. చేతులు డబ్బా సర్దుతుంటే నోరు తమ్ముణ్ణి తిడుతూ ఉంటుంది. వాడు మంచం అంచున కూర్చుని, బూట్లలోకి కాళ్ళు దూర్చడానికే ఆయాసపడుతుంటాడు. వాడి ఛాతీలోంచి కాపలావాళ్ళు అరుస్తుంటారు.

"వచ్చింది, వచ్చింది, పట్టుకోండి" అని వాళ్ళ గోల. గొంతులు సన్నవే గాని వందల మంది. పక్కవాటా ఆవిడ వచ్చి, "మీ తమ్ముణ్ణి కాస్త అటు తిరిగి పడుకోమనమ్మా, మా పిల్లకి పరీక్షలు" అని చెప్పి వెళ్ళింది. బస్సెక్కితే జనం వాడికి వెనక సీటు చూపిస్తారు. అంతకుమించి ఎవరూ పట్టించుకోరు. ఛాతీ అన్నాక కాపలా ఉంటుంది, కాపలా అన్నాక అరుపూ ఉంటుంది.

వంటింటి గట్ల మీద పరిచే రాళ్ళు కోయడం తమ్ముడి పని. రంపానికి నీళ్ళు పెట్టి కోస్తే దుమ్ము లేవదు. కానీ నేలంతా బురదవుతుంది, కొనడానికి వచ్చినవాళ్ళ చెప్పులు పాడవుతాయి. అందుకని ఓనరు నీళ్ళ పైపు చుట్టి గోడకి తగిలించేశాడు. సాయంత్రం పని దిగగానే పనివాళ్ళంతా వరసగా నిలబడి, కంప్రెసర్ గొట్టంతో ఒకరి బట్టల మీది పొడి ఒకరు ఊదుకుంటారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు గాలిస్నానం. శుభ్రంగా ఇల్లు చేరాలని చేసే పనే అది. పొడంతా లేచి నేరుగా ముక్కుల్లోకి పోయేదీ అప్పుడే. తమ్ముడు అందరికంటే ఎక్కువసేపు ఊదించుకునేవాడు, అక్కకి మురికంటే పడదని.

ఆయాసం ఎక్కువై ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరమ్మ ఎక్స్‌రేని దీపం ముందు పెట్టి చూపించింది.

"కాపలావాళ్ళ ఒంటి నిండా బుల్లి బుల్లి చేతులుంటాయమ్మా. రిసెప్టర్లంటాం. ఒక్కో రకం చెయ్యి ఒక్కో రకం శత్రువుని తడిమి గుర్తుపడుతుంది. క్రిమి తగిలితే అరిచి నలుగుర్నీ పోగేస్తారు, మంట పెడతారు. క్రిమి చస్తుంది, మంట ఆరుతుంది. రాతిపొడి చావదు. దాన్ని మింగినవాడే చస్తాడు. వాడి కడుపులోంచి అది మళ్ళీ బయటపడుతుంది, ఇంకొకడు మింగుతాడు. ఇక అరుపు ఆగదు, మంటా ఆరదు. కాలిన చోటల్లా తాపీవాళ్ళు వచ్చి గోడ కట్టేస్తారు."

"గాలాడే గదులకి గోడలు కట్టేస్తే వీడు ఊపిరెక్కడ పీలుస్తాడండీ?"

"ఆయాసం అందుకే. కట్టిన గోడ కూల్చే మందు నా దగ్గర లేదు. ముందు ఆ దుమ్ము మానిపించండి. లేకపోతే గదులన్నీ మూసుకుపోతాయి."

కంచే చేను మేస్తోందన్నమాట. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కాపలావాళ్ళ మీద కాదు. పాపం, వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నారు.

తమ్ముడు మానతానంటేగా. "కొత్త రంపానికి నన్నే మేస్త్రీని చేస్తానన్నాడక్కా ఓనరు. అయినా ఈ పని తప్ప నాకేం వచ్చు?"

"ఊపిరి పీల్చడం వచ్చేదిరా. అదీ పోగొట్టుకుంటున్నావు."

ఆ సాయంత్రం ఆమె డ్యూటీ దిగి, భుజాన టికెట్ల సంచీ అలాగే ఉండగా, నేరుగా రాళ్ళ షెడ్డుకి వెళ్ళింది. గాలిస్నానం నడుస్తోంది. మనుషులంతా తెల్లగా ఉన్నారు. ఓనరు అద్దాల గదిలో ఏసీ వేసుకుని, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఆమె తలుపు బార్లా తెరిచి పట్టుకుంది.

"నీళ్ళ పైపు పెట్టించండి."

"తలుపు వెయ్యమ్మా, దుమ్మొస్తుంది" అన్నాడు. అనేశాక సర్దుకున్నాడు. "నేనూ రోజంతా ఇక్కడే ఉంటాగా. నా ఛాతీ ఏనాడైనా అరిచిందా? మీవాడి కాపలావాళ్ళకి పొగరు. నా వాళ్ళు పద్ధతైనవాళ్ళు."

అని నవ్వాడు కూడా. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. వరసలో నిలబడ్డ తమ్ముడు అప్పుడే దగ్గుతూ గోడ పట్టుకున్నాడు. ఆమె వాణ్ణి జబ్బ పట్టుకుని ఓనరు ముందుకి లాక్కొచ్చి, బస్సు రేకు మీద కొట్టినట్టు వాడి వీపు మీద చరిచింది. కిక్కిరిసిన బండ్లలో ఇన్నేళ్ళు జనాన్ని సర్దిన గొంతు అది.

"లోపల ఖాళీ లేదు. రాతిపొడి పట్టేవాళ్ళంతా దిగండి. ఎదురుగా ఇంకో బండి ఖాళీగా ఉంది."

దిగారు. దగ్గు దగ్గుకీ కొందరు, ఆవగింజంత మనుషులు, ఒంటి చుట్టూ చేతులు చాపుకుని, తోసుకోకుండా దిగారు. తెల్లటి పొడి మీద వరసగా నడిచి, ఓనరు బూటెక్కి, చొక్కా గుండీల మీదుగా పాకి, ముక్కులోకి వెళ్ళారు. పనివాళ్ళు కాళ్ళు పక్కకి తీసి దారి ఇచ్చారు. ఓనరు ఒక్క తుమ్ము తుమ్మి, రుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

"అయిందా?" అన్నాడు.

"రైట్" అంది ఆమె.

మర్నాడు మొదటి రంపం తిరగ్గానే అద్దాల గదిలోంచి "వచ్చింది, వచ్చింది" అని మొదలైంది. తలుపు సందులోంచి నలుసు దూరినా చాలు, ఓనరు ఛాతీ గొంతు చించుకుంది. రాళ్ళు చూడటానికి వచ్చిన దంపతులు "మీరు బిజీగా ఉన్నట్టున్నారు" అని వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికల్లా నీళ్ళ పైపు గోడ దిగింది. కంప్రెసర్ గొట్టాన్ని ఓనరే కత్తితో కోసి పారేశాడు. ఇప్పుడు ఆ షెడ్డులో అడుగు పెడితే చెప్పులకి బురద అంటుతుంది. అయినా ఓనరు ఛాతీలో అరుపులు పూర్తిగా ఆగలేదు, ఇంట్లో ఆయనకి పడక హాల్లోనే అట.

తమ్ముడు ఆ పని మానేసి డిపోలో కుర్చీలో కూర్చుని చేసే పనికి కుదిరాడు. ఛాతీలో అరుపులు లేవు. కొత్త గోడలు లేవడం లేదని డాక్టరమ్మ చెప్పింది. పాతవి మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మూడో అంతస్తులోని ఇంటికి ఎక్కేటప్పుడు వాడు మలుపు మలుపుకీ కూర్చుంటాడు. అక్క పక్కనే మెట్టు మీద కూర్చుంటుంది.

"ఓనరు మీద కోపం ఇంకా పోలేదా అక్కా?" అన్నాడు ఒకరోజు, మాటకీ మాటకీ మధ్య గాలి పీల్చుకుంటూ.

"ఎన్నో అంతస్తులో ఉన్నాంరా?"

"ఇంకా మొదటిదే."

"ఇల్లు చేరాక అడుగు" అంది ఆమె, వాడి చేతిలోంచి డబ్బా తీసుకుంటూ.